స్ఫటికాల పెంపకంలో కంపనాల ద్వారా ద్రవ ప్రవాహ నియంత్రణ

స్ఫటికాల పెంపకంలో కంపనాల ద్వారా ద్రవ ప్రవాహ నియంత్రణ అనగా కరిగిన పదార్థం నుండి గాని, ద్రావణం నుండి గాని స్ఫటికాన్ని పెంచే సమయంలో మూసను, స్ఫటికాన్ని, లేదా ద్రవంలో ముంచిన ఒక బిళ్ళను నియమితమైన పౌనఃపున్యంతో కంపింపజేసి, తద్వారా ద్రవంలోని ప్రవాహాలను కావలసిన రీతిలో మలచుకొనే పద్ధతి. సాధారణంగా స్ఫటికాలను పెంచేవారికి కంపనం శత్రువు. కొలిమికి కుదుపులు తగలకుండా ప్రత్యేకమైన పునాదులు కట్టడం, యంత్రాల అదురు సోకకుండా జాగ్రత్తపడడం ప్రయోగశాలలలో పరిపాటి. అయితే అదుపులేని కుదుపు వేరు, కొలిచి ఇచ్చిన కంపనం వేరు. దిశ, పౌనఃపున్యం, కంపన పరిమితి అనే మూడింటినీ సరిగా ఎంచుకొన్నపుడు కంపనం ద్రవాన్ని కలియబెట్టగలదు, ఉన్న ప్రవాహాన్ని అణచగలదు, స్ఫటికంలో మాలిన్యాలు చారలు చారలుగా చేరకుండా కాపాడగలదు.

నేపథ్యం

పరమాణువులన్నీ ఆద్యంతము ఒకే క్రమంలో అమరిన స్ఫటికాన్ని ఏకస్ఫటికం అంటారు. కంప్యూటరు చిప్పులకు వాడే సిలికాన్, లేజర్ కిరణాలను పుట్టించే ఆక్సైడులు, గామా కిరణాలను పసిగట్టే కాడ్మియం టెల్యురైడ్ వంటి పదార్థాలు అన్నీ ఏకస్ఫటికాలుగా ఉన్నపుడే సక్రమంగా పనిచేస్తాయి. వీటిలో అధికభాగం కరిగిన ద్రవాన్ని నెమ్మదిగా గడ్డకట్టించి తయారు చేయబడతాయి. ముఖ్యమైన పద్ధతులు ఇవి:

* చొక్రాల్‌స్కీ పద్ధతి: మూసలోని ద్రవాన్ని బీజ స్ఫటికంతో తాకించి, ఆ బీజాన్ని తిప్పుతూ నెమ్మదిగా పైకి లాగుతారు. పోలండు దేశీయుడైన యాన్ చొక్రాల్‌స్కీ 1916లో బెర్లిన్‌లో పనిచేస్తుండగా దీనిని కనుగొన్నాడు. 1918లో ప్రచురించబడినది.
* బ్రిడ్జ్‌మన్ పద్ధతి: ద్రవంతో నిండిన గొట్టాన్ని వేడి భాగం నుండి చల్లని భాగంలోకి నెమ్మదిగా దింపుతారు. అడుగు నుండి పైకి స్ఫటికం పెరుగుతుంది. పెర్సీ బ్రిడ్జ్‌మన్ 1925లో దీనిని వివరించాడు.
* తేలియాడు మండల పద్ధతి: నిలువుగా ఉంచిన కడ్డీలో ఒక చిన్న భాగాన్ని మాత్రమే కరిగిస్తారు. ఆ ద్రవం ఏ పాత్రనూ తాకకుండా, తలతన్యత వల్ల రెండు ఘన భాగాల నడుమ నిలిచి ఉంటుంది. కరిగిన మండలాన్ని కడ్డీ పొడవునా జరుపుతారు.
* ద్రావణ పద్ధతి: సంతృప్త ద్రావణాన్ని నెమ్మదిగా చల్లార్చడం వల్ల గాని, ఆవిరి చేయడం వల్ల గాని స్ఫటికం పెరుగుతుంది. చక్కెర పాకంలో దారాలు వ్రేలాడదీసి కలకండ తయారుచేసే విధానం ఈ కోవకు చెందినదే.

ఈ పద్ధతులన్నిటిలోను ఒక విషయం సమానం. స్ఫటికం ద్రవం నుండి పుడుతుంది కనుక, ద్రవంలో ఏమి జరిగితే దాని గుర్తు స్ఫటికంలో మిగిలిపోతుంది. ద్రవం ఎలా కదిలినదో స్ఫటికం శాశ్వతంగా నమోదు చేసుకొంటుంది అని చెప్పవచ్చు.

ద్రవంలో ప్రవాహాలు పుట్టు విధం

మూసలోని ద్రవం పైకి నిశ్చలంగా కనిపించినా లోపల సదా కదులుతూనే ఉంటుంది. దీనికి మూడు ప్రధాన కారణాలు ఉన్నవి.

మొదటిది సహజ సంవహనం. వేడెక్కిన ద్రవం తేలికై పైకి లేస్తుంది, చల్లబడినది బరువెక్కి క్రిందికి దిగుతుంది. పొయ్యి మీద ఎసరు మరిగేముందు గింజలు పైకి క్రిందికి తిరగడం ఈ కారణం చేతనే. ఈ ప్రవాహ తీవ్రతను గ్రాషాఫ్ సంఖ్య అనే పరిమాణంతో కొలుస్తారు. ఈ సంఖ్య ద్రవపు ఎత్తు యొక్క ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా ఎత్తు రెండింతలైతే సంఖ్య ఎనిమిదింతలవుతుంది. పెద్ద స్ఫటికాలను పెంచడం చిన్నవాటికంటె ఎందుకు కష్టమో దీనినిబట్టి తెలుస్తుంది.

రెండవది మారంగోని సంవహనం. ద్రవపు తలతన్యత సాధారణంగా వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. అందువల్ల ఉపరితలం మీద ద్రవం వేడి చోటు నుండి చల్లని చోటికి లాగబడుతుంది. దీనికి గురుత్వాకర్షణతో పని లేదు. తేలియాడు మండల పద్ధతిలో తెరచి ఉన్న ఉపరితలం ఎక్కువ కనుక అక్కడ ఈ ప్రవాహానిదే పైచేయి.

మూడవది బలాత్కృత సంవహనం. స్ఫటికాన్ని లేదా మూసను త్రిప్పడం వల్ల, కలియబెట్టడం వల్ల కలిగే ప్రవాహం ఇది. కంపనాల వల్ల కలిగే ప్రవాహం కూడ ఈ వర్గానికే చెందుతుంది.

ప్రవాహాల వల్ల కలిగే చిక్కు

అర్ధవాహకాలకు విద్యుత్ గుణాలను కల్పించడానికి వాటిలో కొద్దిపాటి మాలిన్యాలను కావాలని కలుపుతారు. ద్రవం గడ్డకట్టేటపుడు స్ఫటికం ఈ మాలిన్యంలో కొంత భాగాన్ని మాత్రమే తనలోకి తీసుకొని మిగిలినదానిని ద్రవంలోకి నెట్టివేస్తుంది. స్ఫటికంలోని మాలిన్య గాఢతకు ద్రవంలోని గాఢతకు గల నిష్పత్తిని విభజన గుణకం అంటారు. సిలికాన్‌లో బోరాన్‌కు ఈ గుణకం సుమారు 0.8. ఫాస్ఫరస్‌కు సుమారు 0.35. జెర్మేనియంలో గాలియంకు సుమారు 0.09 మాత్రమే.

నెట్టివేయబడిన మాలిన్యం స్ఫటికపు ముఖం ముందు గుమికూడుతుంది. అక్కడ ఒక పలుచని పొర ఏర్పడుతుంది. దీనిని వ్యాపన సరిహద్దు పొర అంటారు. ప్రవాహం బలంగా ఉంటే పొర పలుచబడుతుంది. బలహీనంగా ఉంటే దళసరి అవుతుంది. పొర మందానికి, స్ఫటికంలో చేరే మాలిన్యానికి గల సంబంధాన్ని 1953లో బర్టన్, ప్రిమ్, స్లిక్టర్ అనే శాస్త్రవేత్తలు ఒక సూత్ర రూపంలో ఇచ్చారు.

ఒక ఉదాహరణ చూద్దాం. విభజన గుణకం 0.1 అనుకొందాం. స్ఫటికం సెకనుకు 0.01 మి.మీ. చొప్పున, అనగా గంటకు 36 మి.మీ. చొప్పున పెరుగుతున్నదనుకొందాం. ద్రవంలో మాలిన్యపు వ్యాపన గుణకం సెకనుకు 0.01 చదరపు మి.మీ. అనుకొందాం. కరిగిన అర్ధవాహకాలలో ఇది ఇంచుమించు ఈ స్థాయిలోనే ఉంటుంది. అపుడు పై సూత్రం ప్రకారం వచ్చే ఫలసిద్ధ విభజన గుణకం ఇలా ఉంటుంది:

* పొర మందం 0.1 మి.మీ. అయితే 0.11
* పొర మందం 0.2 మి.మీ. అయితే 0.12
* పొర మందం 1 మి.మీ. అయితే 0.23
* పొర మందం 5 మి.మీ. అయితే 0.94

ప్రవాహం నిలకడగా ఉండక, పొర మందం ఒకసారి 0.2 మి.మీ., మరొకసారి 1 మి.మీ. అవుతూ ఉంటే, స్ఫటికంలోని మాలిన్యం ఒక చోట ఉన్నదానికి పక్కనే దాదాపు రెండింతలు ఉంటుంది. నిజానికి పొర అంత త్వరగా సర్దుకొనదు కనుక మార్పు ఇంతకంటె తక్కువగా ఉండవచ్చు. కాని చిక్కు మాత్రం ఇదే. ఈ విధంగా ఏర్పడే సన్నని పట్టీలను పెరుగుదల చారలు అంటారు. స్ఫటికాన్ని నిలువుగా కోసి, నునుపు చేసి, ఆమ్లంతో తినిపించినపుడు ఇవి చెట్టు మానులోని వలయాల వలె కనిపిస్తాయి. అటువంటి స్ఫటికం నుండి కోసిన పలకలో ఒక భాగానికి మరొక భాగానికి విద్యుత్ నిరోధంలో తేడా ఉంటుంది. లేజర్ స్ఫటికమైతే చారల చోట కాంతి వక్రీభవనం మారి కిరణం చెదురుతుంది. రోజుల తరబడి, కొన్ని పదార్థాలకు వారాల తరబడి కొలిమిలో ఉంచి పెంచిన స్ఫటికం చివరకు పనికిరాకుండా పోవచ్చు.

పై పట్టికను గమనిస్తే బయటపడటానికి రెండు దారులు ఉన్నవని తెలుస్తుంది. ఒకటి, ద్రవాన్ని గట్టిగా, ఏకరీతిగా కలియబెట్టి పొరను బాగా పలుచగా ఉంచడం. 0.1 మి.మీ. నుండి 0.2 మి.మీ. కు మారినా గుణకం పెద్దగా మారడం లేదు కదా. రెండు, ప్రవాహాన్ని పూర్తిగా అణచి వ్యాపనం ఒక్కటే మిగిలేటట్లు చేయడం. అపుడు గుణకం 1కి చేరువ అవుతుంది. కంపనాలు ఈ రెండు దారులలోను ఉపయోగపడతాయి.

కంపనం ప్రవాహాన్ని పుట్టించు విధం

కంపనంలో వస్తువు ఎంత దూరం ముందుకు వెళ్తుందో అంతే దూరం వెనుకకు వస్తుంది. సగటు కదలిక సున్న. అటువంటపుడు ద్రవం ఒకే దిశలో నిలకడగా ఎలా ప్రవహిస్తుంది అనే సందేహం విద్యార్థులకు కలగడం సహజం. దీనికి సమాధానం ద్రవ గతిశాస్త్రంలోని వర్గ పదాలలో ఉన్నది. ద్రవ చలన సమీకరణంలో వేగాన్ని వేగంతో గుణించే పదం ఒకటి కలదు. వేగం ధనమైనా ఋణమైనా దాని వర్గం ధనమే. కనుక సగటు తీసినపుడు వేగం మాయమైనా వేగ వర్గం మాయం కాదు. ఆ మిగిలిన శేషమే నిలకడ ప్రవాహాన్ని నడిపిస్తుంది. దీనిని కంపన జనిత ప్రవాహం అంటారు.

స్టోక్స్ పొర

కంపించే గోడను ఆనుకొని ఉన్న ద్రవం స్నిగ్ధత వల్ల గోడతోపాటు కదులుతుంది. కొద్ది దూరం పోయేసరికి ఈ ప్రభావం తగ్గిపోతుంది. ఈ దూరాన్ని స్టోక్స్ పొర మందం అంటారు. బ్రిటిషు శాస్త్రవేత్త జార్జి స్టోక్స్ 1851లో దీనిని లెక్కకట్టాడు. శుద్ధగతిక స్నిగ్ధతకు రెండు రెట్లు తీసుకొని, దానిని కోణీయ పౌనఃపున్యంతో భాగించి, వర్గమూలం కట్టినచో ఈ మందం వస్తుంది. నీటికి 1 హెర్ట్జ్ వద్ద ఇది సుమారు 0.56 మి.మీ., 50 హెర్ట్జ్ వద్ద 0.08 మి.మీ. ఉంటుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ పొర పలుచబడుతుందని గమనించాలి. కంపన జనిత ప్రవాహం ఈ పలుచని పొరలో పుట్టి, అక్కడినుండి ద్రవమంతటికీ వ్యాపిస్తుంది.

ప్రవాహ వేగం

నిలకడ ప్రవాహపు వేగం స్థూలంగా కంపన పరిమితి యొక్క వర్గాన్ని కోణీయ పౌనఃపున్యంతో గుణించి, వస్తువు పరిమాణంతో భాగించగా వచ్చే స్థాయిలో ఉంటుంది. ఉదాహరణకు 10 మి.మీ. పరిమాణం గల బిళ్ళను 50 హెర్ట్జ్ వద్ద 0.1 మి.మీ. పరిమితితో కంపింపజేస్తే ఈ లెక్క సెకనుకు 0.3 మి.మీ. వస్తుంది. చూడడానికి ఇది చాలా స్వల్పం. కాని పై ఉదాహరణలో స్ఫటికం పెరిగే వేగం సెకనుకు 0.01 మి.మీ. మాత్రమే. ప్రవాహ వేగం దానికి ముప్పై రెట్లు. కంటికి ఆనని కంపనం కూడ స్ఫటికానికి పెద్ద గాలివానతో సమానమని దీనివల్ల తెలుస్తుంది. పరిమితిని రెండింతలు చేస్తే ప్రవాహం నాలుగింతలవుతుంది.

ఉష్ణ కంపన సంవహనం

ద్రవంతో నిండి మూయబడిన పాత్రను, అందులోని ద్రవపు సాంద్రత అంతటా ఒకటే అయినపుడు, అటూ ఇటూ సరళరేఖలో కంపింపజేస్తే ద్రవం పాత్రతోపాటే కదులుతుంది తప్ప పాత్రలో ఎటువంటి ప్రవాహమూ పుట్టదు. ప్రవాహం పుట్టాలంటే సాంద్రతలో తేడా అయినా ఉండాలి, తెరచి ఉన్న ఉపరితలమైనా ఉండాలి, లేదా పాత్రతో నిమిత్తం లేకుండా ఏదో ఒక వస్తువు ద్రవంలో కదలాలి. ద్రవంలో ఒక చోట వేడి, ఒక చోట చల్లదనం ఉన్నపుడు బరువైన భాగం, తేలికైన భాగం కంపనానికి వేరు వేరుగా స్పందిస్తాయి. దీనివల్ల పుట్టే సగటు ప్రవాహాన్ని ఉష్ణ కంపన సంవహనం అంటారు. రష్యాలోని పెర్మ్ నగరానికి చెందిన గెర్షూనీ, జుఖోవిత్‌స్కీ, ల్యుబీమోవ్ తదితరులు ఈ సిద్ధాంతాన్ని విస్తృతంగా అభివృద్ధి చేశారు.

ఇందులో దిశకు చాలా ప్రాముఖ్యం ఉన్నది. అధిక పౌనఃపున్యపు కంపనం ఉష్ణోగ్రత మారే దిశలోనే ఉంటే ద్రవం స్థిరపడుతుంది. ఆ దిశకు లంబంగా ఉంటే ప్రవాహం చెలరేగుతుంది. కంపనం వస్తువును స్థిరపరచడం వింతగా తోచవచ్చు. దీనికి ప్రసిద్ధమైన ఉపమానం తలక్రిందుల లోలకం. కడ్డీ క్రింది కొనను వేగంగా పైకి క్రిందికి కంపింపజేస్తే కడ్డీ పడిపోకుండా నిటారుగా నిలుస్తుంది. 1908లో స్టీఫెన్‌సన్ ఈ విషయాన్ని గణితం ద్వారా చూపించగా, 1951లో ప్యోతర్ కపిత్సా దీనికి సులభమైన సిద్ధాంతాన్ని ఇచ్చాడు.

చరిత్ర

కంపనాల వల్ల నిలకడ ప్రవాహాలు పుడతాయని మొదట గుర్తించినవారిలో మైకేల్ ఫారడే ఒకడు. కంపించే పలక మీద సన్నని పొడి ఎక్కడెక్కడ చేరుతుందో పరిశీలించి, దానికి గాలి ప్రవాహాలే కారణమని 1831లో వివరించాడు. పాత్రను నిలువుగా కంపింపజేసినపుడు ద్రవపు ఉపరితలం మీద ఏర్పడే అలలు కంపన పౌనఃపున్యంలో సగం పౌనఃపున్యంతో ఊగుతాయని కూడ ఆయన అదే సందర్భంలో గమనించాడు. వీటిని నేటికీ ఫారడే అలలు అనే పిలుస్తారు. 1884లో లార్డ్ రేలీ కంపన జనిత ప్రవాహాలకు గణిత సిద్ధాంతాన్ని రూపొందించాడు. 1932లో జర్మనీ దేశీయుడైన హెర్మన్ ష్లిక్టింగ్ కంపించే స్తూపం చుట్టూ ఏర్పడే ప్రవాహాన్ని సరిహద్దు పొర సిద్ధాంతంతో విశ్లేషించాడు.

స్ఫటికాల పెంపకంలో ప్రవాహాల ప్రాముఖ్యం 1960వ దశకంలో స్పష్టమయినది. కరిగిన లోహాలలో ఉష్ణోగ్రత తనంతట తానే ఊగిసలాడుతుందని, స్ఫటికంలోని చారలకు అది ఒక కారణమని తెలిసినది. 1966లో అయస్కాంత క్షేత్రంతో ఈ ఊగిసలాటను అణచవచ్చునని ఉటెక్, ఫ్లెమింగ్స్ అమెరికాలోను, చెడ్జీ, హర్ల్ ఇంగ్లండులోను విడివిడిగా చూపించారు. 1971లో హాన్స్ షీల్ మూసను తిప్పే వేగాన్ని పదే పదే పెంచుతూ తగ్గిస్తూ ద్రవాన్ని కలిపే విధానాన్ని ప్రవేశపెట్టాడు. దీనిని త్వరణ భ్రమణ పద్ధతి అనవచ్చు.

కంపనాలను నేరుగా వాడే ప్రయత్నాలు 1980 నుండి ఊపందుకొన్నవి. జపానులో కుమగావా, హయకావా తదితరులు ఇండియం యాంటిమొనైడ్ స్ఫటికాలను పెంచేటపుడు అతిధ్వనులను ప్రయోగించారు. 1987లో అమెరికాలో లియు, వోల్ఫ్, ఎల్వెల్, ఫైగెల్సన్ అనువారు తక్కువ పౌనఃపున్యపు కంపనాలతో ద్రవాన్ని త్వరగా కలిపే పద్ధతిని ప్రకటించారు. 1990లో రష్యాకు చెందిన జరికోవ్ బృందం పెరిగే స్ఫటికాన్నే కంపింపజేయడం వల్ల ఏర్పడే ప్రవాహాలను వర్ణించినది. 1993లో అనిల్ కుమార్, గ్రూజెల్, షెన్, టేలర్ వాంగ్ తదితరులు మారంగోని ప్రవాహాన్ని కంపనంతో అదుపు చేయవచ్చునని చూపించారు.

ముఖ్యమైన పద్ధతులు

జంట కంపన పద్ధతి

రసాయనశాస్త్ర ప్రయోగశాలలో అంశమాపనం చేసేటపుడు విద్యార్థులు శాంకవ కుప్పెను చేతితో పట్టుకొని గుండ్రంగా ఊపుతారు. కుప్పె తన చుట్టూ తాను తిరగదు, దాని స్థానం మాత్రం చిన్న వృత్తంలో కదులుతుంది. ద్రవం మాత్రం గోడల వెంట గిరగిర తిరిగి చక్కగా కలిసిపోతుంది. 1987లో ప్రకటించబడిన పద్ధతి సారాంశం ఇదే. ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు అడ్డు కంపనాలను తగిన దశాభేదంతో జతచేస్తే ఈ వృత్తాకార కదలిక వస్తుంది. ఉపరితలం మీద తిరిగే అల ఏర్పడి, దాని నుండి ప్రవాహం ద్రవం లోపలికి దిగుతుంది. గాలి చొరకుండా మూసివేయబడిన గొట్టంలో కూడ దీనిని వాడవచ్చును. లోపలికి గరిటె గాని, ఇరుసు గాని పోవలసిన అవసరం లేదు. విషపూరితమైన, లేదా గాలి తగిలితే చెడిపోయే పదార్థాలకు ఇది పెద్ద సౌకర్యం. ఫైగెల్సన్ బృందం 1990లో బ్రిడ్జ్‌మన్ పద్ధతిలో పెంచిన కాడ్మియం టెల్యురైడ్ నాణ్యతపై దీని ప్రభావాన్ని పరిశీలించినది.

అక్షీయ కంపన పద్ధతి

ఇందులో స్ఫటికాన్ని గాని, స్ఫటికపు ముఖానికి సమీపంలో ముంచిన ఒక గుండ్రని బిళ్ళను గాని నిలువు అక్షం వెంట పైకి క్రిందికి కంపింపజేస్తారు. బిళ్ళ అంచుల వద్ద సుడులు పుట్టి, సరిగ్గా స్ఫటికపు ముఖం ముందరనే ద్రవాన్ని కలుపుతాయి. మూసలోని ద్రవాన్నంతటినీ కదిలించనవసరం లేకుండా, కావలసిన చోట మాత్రమే కలియబెట్టడం దీని ప్రత్యేకత. సోడియం నైట్రేట్ 307 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరిగి పారదర్శకమైన ద్రవాన్ని ఇస్తుంది కనుక, ఈ ప్రవాహాలను కంటితో చూడడానికి దీనిని నమూనా పదార్థంగా వాడతారు. సిలికాన్ 1414 డిగ్రీల వద్ద కరుగుతుంది, పైగా అపారదర్శకం. దాని లోపల ఏమి జరుగుతున్నదో నేరుగా చూడడం సాధ్యం కాదు.

తేలియాడు మండలంలో కంపనం

కరిగిన మండలపు ఒక కొనను నిలువుగా కంపింపజేస్తే ఉపరితలం మీద చిన్న అలలు పుట్టి, వాటివల్ల ఒక నిలకడ ప్రవాహం ఏర్పడుతుంది. ఇది మారంగోని ప్రవాహానికి ఎదురు దిశలో ఉండేటట్లు చేసి, కంపన పరిమితిని సరిచూసుకొంటే రెండూ ఇంచుమించు సరిసమానమై ఒకదానినొకటి తటస్థపరుస్తాయి. ఇక్కడ కంపనం పని కలియబెట్టడం కాదు, ప్రవాహాన్ని అణచడం. పరిమితి అంతకు మించితే కంపన ప్రవాహమే పైచేయి అవుతుంది కనుక సమతూకం అవసరం.

కోణీయ కంపన పద్ధతి

మూసను తన అక్షం చుట్టూ కొద్ది కోణం మేరకు అటూ ఇటూ త్రిప్పడం ఈ పద్ధతి. కవ్వంతో మజ్జిగ చిలికేటపుడు కవ్వం ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరగడంతో దీనిని పోల్చవచ్చు. తేడా ఏమనగా ఇక్కడ కుండే తిరుగుతుంది. నిలువు బ్రిడ్జ్‌మన్ పద్ధతిలో దీని ప్రభావాన్ని తైవానులోని లాన్ బృందం 2000వ దశకంలో అధ్యయనం చేసినది.

అతిధ్వని పద్ధతి

మనిషి చెవికి వినిపించని, 20,000 హెర్ట్జ్‌కు మించిన కంపనాలను ద్రవంలోకి పంపుతారు. వీటి తరంగదైర్ఘ్యం చిన్నది కనుక ద్రవంలో స్థిర తరంగాలు ఏర్పడి ప్రవాహాన్ని చిన్న చిన్న గదులుగా విడగొట్టగలవు. ఉక్రెయిన్‌కు చెందిన కొజెమ్యాకిన్ 1990వ దశకంలో ఇండియం యాంటిమొనైడ్ స్ఫటికాలలో ఈ పద్ధతి వల్ల చారలు తగ్గినవని నివేదించాడు.

ఇతర పద్ధతులతో పోలిక

* అయస్కాంత క్షేత్రం: విద్యుత్తును బాగా ప్రవహింపజేసే ద్రవాలలో మాత్రమే బాగా పనిచేస్తుంది. కరిగిన సిలికాన్, జెర్మేనియం వంటివాటికి అనుకూలం. పెద్ద వ్యాసం గల సిలికాన్ స్ఫటికాల పరిశ్రమలో ఇది స్థిరపడినది. పెద్ద అయస్కాంతాలు ఖరీదైనవి.
* కంపనం: ద్రవం విద్యుద్వాహకం కానవసరం లేదు. ఆక్సైడులు, లవణాలు, నీటి ద్రావణాలు అన్నిటికీ వర్తిస్తుంది. పరికరాలు పోల్చి చూస్తే చిన్నవి, తక్కువ ఖర్చు గలవి.
* త్వరణ భ్రమణ పద్ధతి: మూసివేసిన గొట్టాలకు పనికివస్తుంది. అయితే వేగం మారినపుడల్లా ప్రవాహం మారుతుంది కనుక, ఆ లయను సరిగా ఎంచుకొనకపోతే కొత్త చారలు ఏర్పడే ప్రమాదం ఉన్నది.
* నిలకడ భ్రమణం: చొక్రాల్‌స్కీ పద్ధతిలో చాలాకాలంగా వాడుకలో ఉన్నది. స్ఫటికం, మూస తిరిగే వేగాలే ఇక్కడ నియంత్రణ సాధనాలు.

అంతరిక్షంలో కంపనం

భూమి చుట్టూ తిరిగే నౌకలో గురుత్వ ప్రభావం కనిపించదు కనుక సహజ సంవహనం దాదాపు ఉండదు. 1973లో ప్రయోగించబడిన స్కైల్యాబ్‌లో పెంచిన ఇండియం యాంటిమొనైడ్ స్ఫటికంలో చారలు లేవని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన విట్, గాటోస్ తదితరులు తెలిపారు. చారలకు సంవహనమే కారణమన్న భావనకు ఇది బలాన్నిచ్చినది.

అయితే అంతరిక్ష నౌక కూడ నిశ్చలమైన ప్రదేశం కాదు. పంపులు, పంకాలు, వ్యోమగాముల కదలికలు, ఇంజన్ల విస్ఫోటాలు అన్నీ కలిసి చిన్న చిన్న కుదుపులను కలిగిస్తాయి. వీటిని గురుత్వ కుదుపులు అంటారు. గురుత్వం లేనపుడు ఈ స్వల్పమైన కుదుపులే ప్రవాహానికి ముఖ్య కారణం అవుతాయి. అందువల్ల ప్రయోగాలను కుదుపుల నుండి కాపాడే పీఠాలు తయారయినవి. మరొక ప్రక్క, గురుత్వం అడ్డులేని చోట కంపనం ఒక్కటే ఏమి చేయగలదో తెలుసుకొనడానికి ఇదే మంచి అవకాశమని శాస్త్రజ్ఞులు భావించారు. మారంగోని ప్రవాహం గురుత్వం లేకపోయినా ఉంటుంది కనుక, దానిని అణచడానికి అంతరిక్షంలో కూడ కంపనం అవసరపడవచ్చు. పైన పేర్కొన్న టేలర్ వాంగ్ 1985లో ఛాలెంజర్ నౌకలో స్వయంగా ప్రయాణించి ద్రవ బిందువులపై ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త.

పరిమితులు

కంపన పద్ధతి సర్వరోగ నివారిణి కాదు. దీనికి ఈ క్రింది ఇబ్బందులు ఉన్నవి:

* బలం మితిమీరడం: 50 హెర్ట్జ్ వద్ద 0.1 మి.మీ. పరిమితి గల కంపనంలో గరిష్ట త్వరణం భూమి గురుత్వ త్వరణానికి దాదాపు సమానం. పరిమితి ఇంకా పెరిగితే ఉపరితలం చిందరవందరై బుడగలు ద్రవంలోకి చొరబడతాయి. అవి స్ఫటికంలో చిక్కుకొంటే అది పాడైనట్లే.
* అనవసర బీజాలు: గట్టిగా కదిలిస్తే ద్రావణంలో అక్కడక్కడ కొత్త స్ఫటిక బీజాలు పుట్టి ఏకస్ఫటికానికి బదులు గుండ ఏర్పడవచ్చు. అతిధ్వనుల వల్ల సూక్ష్మమైన బుడగలు పుట్టి పగలడం కూడ ఇందుకు దోహదం చేస్తుంది.
* అనునాదం: కొలిమి, కాడ, గొట్టం మొదలైన ప్రతి భాగానికి సహజ పౌనఃపున్యాలు ఉంటాయి. ఇచ్చిన కంపనం వాటిలో ఒకదానితో కలిస్తే అనుకొన్నదానికంటె ఎన్నో రెట్లు అదురు పుట్టి గొట్టం పగిలిపోవచ్చు. క్వార్ట్జ్ గొట్టంలో విషపూరితమైన కాడ్మియం సమ్మేళనం ఉన్నపుడు ఇది ప్రాణాపాయకరం కూడ.
* ముఖం ఆకృతి మారడం: ప్రవాహం వేడిని కూడ మోసుకొని పోతుంది కనుక స్ఫటిక, ద్రవ సరిహద్దు వంపు మారిపోతుంది. మాలిన్యం సమంగా చేరినా, వంపు ఎక్కువైతే స్ఫటికంలో ఒత్తిడులు పెరగవచ్చు.
* పెద్ద పరిమాణాలు: 300 మి.మీ. వ్యాసం గల సిలికాన్ స్ఫటికాన్ని పెంచే మూసలో వందల కిలోల ద్రవం ఉంటుంది. అంతటి బరువును సన్నని కొలతతో కంపింపజేయడం తేలిక కాదు. అందువల్లనే ఈ పద్ధతి ఎక్కువగా ప్రయోగశాలలకు, చిన్న స్ఫటికాలకు పరిమితమయినది.

ఏ పదార్థానికి ఏ కంపనం నప్పుతుందో ముందుగా తెలుసుకొనడానికి కంప్యూటరు గణనలను వాడతారు. అమెరికాలో ఫెదొసెయెవ్, అలెగ్జాండర్ అనువారు 2000 ప్రాంతంలో బ్రిడ్జ్‌మన్ పద్ధతిలో కంపన ప్రవాహాలను ఈ విధంగా లెక్కించారు. గణనలో ఒక చిక్కు కలదు. కంపన కాలం సెకనులో వందవ వంతు ఉండగా స్ఫటికం పెరగడానికి రోజులు పడుతుంది. ఈ రెండు కాలాలను ఒకేసారి అనుసరించడం భారమైన పని కనుక, కంపనాన్ని సగటు చేసి నిలకడ ప్రవాహాన్ని మాత్రమే లెక్కించే మార్గాన్ని తరచు అవలంబిస్తారు.

సారాంశం

ద్రవంలోని కదలిక స్ఫటికంలో నిలిచిపోతుంది. ఆ కదలికను అణచవలెనా, పెంచవలెనా అన్నది పదార్థాన్నిబట్టి, కావలసిన ప్రయోజనాన్నిబట్టి నిర్ణయించుకొనవలసి ఉంటుంది. కంపనం ఈ రెండు పనులనూ చేయగల సాధనం. దిశ మారితే ఫలితం తలక్రిందులవుతుంది, పరిమితి రెండింతలైతే ప్రభావం నాలుగింతలవుతుంది. కనుక దీనిని కొలతతో వాడినపుడే మేలు కలుగుతుంది.

ఇవి కూడా చూడండి

* స్ఫటికం
* అర్ధవాహకం
* సిలికాన్
* సంవహనం
* తలతన్యత
* స్నిగ్ధత
* అనునాదం
* అతిధ్వనులు
* మైకేల్ ఫారడే